గడియారం ఆపితే చాలు!

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసును రక్తి కట్టించేది స్టార్లా, దారా? దారేనని నిర్వాహకుల గట్టి నమ్మకం.

1989లో ఆఖరి రోజు, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ పెట్టారు. 8 సెకన్ల తేడాతో ఫిన్యోను ఓడించి లెమాండ్ టైటిల్ ఎగరేసుకుపోయాడు.

అదే మందు 2024లో మళ్లీ వాడారు. మొనాకో నుంచి నీస్ దాకా.

ఉత్కంఠకు సర్వం సిద్ధం. కాకపోతే పొగాచర్ అప్పటికే 5 నిమిషాల 14 సెకన్లు ముందున్నాడు.

ఆ తేడా మారకపోలేదు. 6 నిమిషాల 17 సెకన్లయింది!

2025లో ఇంకో ఎత్తు. ఆఖరి రోజు పారిస్‌లో మోంమార్త్ర్ గుట్టను మూడుసార్లు ఎక్కమన్నారు.

ఈసారి పొగాచర్ ఆధిక్యం 4 నిమిషాల 24 సెకన్లు.

పైగా వాన. జారిపడతారేమోనని, గుట్ట ఎక్కకముందే టైటిల్ కోసం సమయం లెక్క ముగించేశారు.

ఇక గెలవాల్సిందేమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే, ఆధిక్యానికి గుర్తుగా పసుపు జెర్సీ తొడిగిన పొగాచర్‌కు పూనకం వచ్చింది!

అయినా ఆఖరి ఎక్కుడులో అతణ్ని వెనక్కి నెట్టి, మరో రేసర్ వాన్ ఆర్ట్ ఆ రోజు స్టేజీ కొట్టేశాడు. జనం కుర్చీల్లోంచి లేచారు.

కిటుకు దొరికింది. దారీ కాదు, స్టారూ కాదు. లెక్క ఆపేస్తే చాలు, ఆట మొదలవుతుంది.

ఇకపై మొదటి రోజే ఆపేయండి సార్. మూడు వారాలూ పండగే!