పుల్లయ్య ఫైలు వేమవరం వెళ్లింది

సూరత్‌లో వజ్రానికి ఉన్న మర్యాద రోగికి లేదు. మహీధర్‌పురా వీధిలో ఆవగింజంత రాయి చేయి మారాలన్నా ముందు తూకం వేస్తారు. పొట్లం కడతారు. జాంగడ్ చీటీ రాస్తారు: ఇంత బరువు రాయి ఫలానావారి చేతికిచ్చాం, అమ్ముడైతే డబ్బు రావాలి, లేకపోతే రాయి రావాలి అని. ఆ పొట్లాన్ని ముంబైకి మోసే అంగడియా "నాకేం తెలుసు, సంచిలో ఎక్కడో ఉండాలి" అన్నాడా, మర్నాటి నుంచి అతని చేతిలో గులకరాయి పెట్టేవాడు కూడా ఉండడు.

రోగి ఫైలుకు ఈ బాదరబందీ లేదు. ఒక ఆసుపత్రివారు రికార్డుల గది ఖాళీ చేద్దామనుకున్నారనుకోండి. టెండరు పిలుస్తారు. పేజీకి ఎవరు తక్కువ పైసలు రాస్తే వారిదే పని. టెంపో వస్తుంది, గోనెసంచులు ఎక్కుతాయి. రసీదులో సంచుల లెక్క ఉంటుంది, లోపలున్న మనుషుల లెక్క ఉండదు. ఒకరి హెచ్‌ఐవీ రిపోర్టు, ఒకరి గర్భస్రావం కాగితం, ఒకరి మానసిక వైద్యుడి చీటీ ఒకదానిమీద ఒకటి ఒరిగి ఏదో అద్దె గోడౌనుకు ప్రయాణం కడతాయి. భార్యకు కూడా చెప్పుకోని సంగతి టెంపో క్లీనరుకు దిండు అవుతుంది.

స్కానింగు అక్కర్లేదని నేననను. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి ఈ ఊరు చాలాభాగం మునిగింది. కింది అంతస్తులో కాగితం దాచడమంటే ఏమిటో సూరత్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. నా తగవు యంత్రంతో కాదు, దాన్ని అడ్డం పెట్టుకుని చేతులు దులుపుకునే విద్యతో.

గోడౌనులో జరిగే పోస్టుమార్టం చూడండి. ముందు ట్యాగు తాడు విప్పుతారు, పిన్నులు పీకుతారు. పేజీ లెక్కన బిల్లు కాబట్టి తెల్లకాగితానికీ సమాన గౌరవమే. వెనకవైపు డాక్టరు "పెన్సిలిన్ పడదు" అని రాసి ఎర్రగీత కొట్టాడా? ఫీడరు ఒకవైపే చూస్తే ఆ మాట అక్కడే చచ్చింది. ఈసీజీ తీసిన థర్మల్ కాగితం ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తానే వెలిసిపోతుంది. ఆ శూన్యాన్ని 300 డీపీఐలో స్ఫుటంగా స్కాన్ చేస్తారు. ఎక్స్‌రే ఫిల్ముకు వేరే స్కానరు కావాలి. అది టెండరులో లేదు. కాబట్టి రోగికి ఊపిరితిత్తులు లేవు.

ఇక పేర్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల కిందట మరమగ్గాల వెంట వచ్చి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడ్డ పద్మశాలీలకు ఈ ఊళ్లో కార్పొరేషన్ నడిపే తెలుగు బడి దొరికింది గానీ, ఇండెక్సులో చోటు దొరకడం కష్టం. మనకు ఇంటిపేరు ముందు. గుజరాతీ పద్ధతిలో తన పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటిపేరు. ఆపరేటరు ముందున్నవి మూడు గడులు. మన ఇంటిపేరు మనిషి పేరవుతుంది, మనిషి పేరు తండ్రి పేరవుతుంది. పెద్దాయన తనకు తానే కొడుకై పుడతాడు. పైగా గుజరాతీ ఒకటి అంకె ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది. కళ్లు మూతపడుతున్న వేళ 11 ఏళ్ల పిల్లవాడు ఒక్క దెబ్బకు 99 ఏళ్ల ముసలివాడు. యయాతి ముసలితనాన్ని పూరుడు కనీసం ఒప్పుకుని తీసుకున్నాడు. ఈ పిల్లవాణ్ని ఎవరూ అడగలేదు.

ఆపరేటరును తిట్టకండి. ఎన్ని పేజీలు కొడితే అంత కూలి అతనికి. మగ్గం మీద మీటరు లెక్క ఎలాగో ఇక్కడ పేజీ లెక్క అలాగ. మగ్గంలో నూలు తెగితే బట్టలో కనిపిస్తుంది. ఇక్కడ తెగిన పోగు ఎవరికీ కనిపించదు, రోగి మళ్లీ వచ్చేదాకా.

వస్తాడు. ముప్పై ఏళ్లు మగ్గం మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడు వస్తాడు. అది అతని ఖర్మ కాదు. మోత వల్ల వచ్చే చెవుడు చట్టంలోని వృత్తి వ్యాధుల పట్టికలో ఉంది. పరిహారం అడగాలంటే పాత వినికిడి పరీక్ష కాగితం చేతిలో ఉండాలి.

"నా ఫైలు కావాలి."

"కాకా, అది స్కానింగుకు పోయింది."

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చేసింది. హార్డ్ డిస్కులో ఉంది."

"హార్డ్ డిస్కు?"

"బీరువాలో ఉంది."

"తీసి ఇవ్వండి మరి."

"తీయొచ్చు. తెరవడానికి పాస్‌వర్డు కంపెనీవాళ్ల దగ్గరుంది. వాళ్ల కాంట్రాక్టు అయిపోయింది."

"కాగితాలైనా ఇవ్వండి."

"స్కాన్ అయ్యాక ఎందుకని చిత్తుకాగితాలకు వేసేశాం."

పుల్లయ్య వేమవరం వెళ్లొచ్చాడంటే ఇదే. ఫైలు వెళ్లింది, వచ్చింది, బిల్లు పాసైంది. పెద్దాయనకు సగమే వినిపించింది. ఆ సగానికే గుండె ఆగినంత పనైంది.

పని బయటికిచ్చినవాడు దాన్ని ఇంకొకడికిస్తాడు, వాడు మరొకడికి. తిలా పాపం తలా పిడికెడు. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి ఒక ఈమెయిలు వచ్చింది. నా కూలి ఇప్పించకపోతే మీ రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని కరాచీలో కూర్చుని టైపు చేసిన ఒకామె రాసింది. నమూనాకు కొన్ని జతచేసింది కూడా. ఆసుపత్రి పని ఇచ్చింది పక్క ఊరి కంపెనీకి. అది ఫ్లోరిడాకు, అక్కడినుంచి టెక్సస్‌కు, టెక్సస్ నుంచి కరాచీకి జారింది. తమ కాగితం సముద్రాలు దాటిన సంగతి ఆసుపత్రికి ఆ ఈమెయిలు చూశాకే తెలిసింది.

మనకంత దూరం అక్కర్లేదు. ఇంటి దగ్గర డేటా ఎంట్రీ పని ఇస్తామని చెప్పి, తప్పులు వచ్చాయంటూ దొంగ లీగల్ నోటీసులతో డబ్బు గుంజే ముఠాలు సూరత్‌లో పోలీసులకు పదేపదే చిక్కాయి. రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి కెమెరా దృశ్యాలు టెలిగ్రాములో అమ్మకానికి వచ్చిన వైనం 2025 ఫిబ్రవరిలో బయటపడింది. రోగి గుట్టుకు బజారు ఉంది, గిరాకీ ఉంది. లేనిది జాంగడ్ చీటీ ఒక్కటే.

చట్టం రాలేదా అంటారు. వచ్చింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మీరు ఎవరితో ఏ ఒప్పందం రాసుకున్నా బాధ్యత మీదేనని డేటా సేకరించినవారికి చెప్పింది. జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చంది. నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అందులోని అసలు బాధ్యతలు అమలు కావడానికి ఇంకో 18 నెలల గడువు. ఆ జరిమానా ఎవరికి? భారత సంచిత నిధికి. గుట్టు రట్టయినవాడికి చిల్లిగవ్వ రాదు. ఇల్లు కాలినవాడు ఏడుస్తుంటే కాల్చినవాడి జరిమానా ఖజానాకు కట్టించుకోవడమన్నమాట.

ఈ ఊరికి ఇంతకంటే మంచి పాఠం తెలుసు, అదీ ఒక తెలుగువాడి చేత. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది మూటాముల్లె సర్దుకుని పారిపోయిన సూరత్‌కు మరుసటి ఏడాది సూర్యదేవర రామచంద్రరావు మున్సిపల్ కమిషనరుగా వచ్చారు. ఆయన కొత్త యంత్రం కనిపెట్టలేదు. అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి తోలారు. చెత్త ఎక్కడుందో అధికారి కంటితో చూడాల్సి వచ్చింది, చూశాక ఎత్తించాల్సి వచ్చింది. దేశంలో మురికికి పేరుమోసిన ఊరు రెండేళ్లు తిరక్కుండా శుభ్రతకు పేరు తెచ్చుకుంది.

రికార్డుల గదికి కావలసింది అంతే. సూపరింటెండెంటుగారు ఒక్క పూట గోడౌనుకు వెళ్లి, ఏదో ఒక సంచి విప్పించి, పది ఫైళ్లు తీసి, స్క్రీను మీద ముందూ వెనకా సరిచూసుకుంటే చాలు. ఆ పదిలో తమ ఇంట్లోవాళ్ల ఫైలు ఒకటి ఉందనుకుని చూస్తే మరీ మంచిది. కాగితాన్ని అవుట్‌సోర్సింగుకు ఇవ్వొచ్చు. సంతకాన్ని ఇవ్వకూడదు.

అంతదాకా మన జాగ్రత్త మనది. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు మూడేళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి రోజునే రాసి అడగండి. టెంపో రాకముందే అడగండి.