మొదటి వరుస

బనగానపల్లెలో మా కాలేజీ ల్యాబుకు ఉండేది ఒక్కటే సర్వరు. నూట ఇరవై మంది పిల్లల లాగిన్లన్నీ ఒకే డిస్కు మీద. అదుపు లేకపోతే ఫోల్డర్లు యాగంటి బసవన్న మాదిరి పెరుగుతూనే ఉంటాయి. అందుకే డిస్క్ కోటా పెట్టినాను. 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చిన పద్ధతే, ఇప్పటి లినక్సులోనూ ఉంది. ఒక్కొక్కరికి సాఫ్ట్ లిమిట్ ఒక జీబీ, హార్డ్ లిమిట్ ఒకటిన్నర. సాఫ్ట్ లిమిట్ దాటితే ఏడు రోజుల గడువు. ఆలోగా తగ్గించుకోకుంటే కొత్తగా ఏదీ సేవ్ కాదు.

ఫిబ్రవరిలో ఫైనలియర్ అమ్మాయి ఒకతె వచ్చింది. వాళ్ళకు మామిడి తోట ఉంది. పూత మీద తేనెమంచు పురుగును ఫోటో చూసి కంప్యూటరే పసిగట్టాలని ఆ పిల్ల ప్రాజెక్టు. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పండు మాది. ఆ పండు పుట్టేది ఆ పూతలోంచే కదా! పొద్దున్నే మంచులో నిలబడి, జిగురు పట్టిన పూరెమ్మలను ఒక్కొక్కటే తీసింది. నాలుగు వందల ఫోటోలు. ఫోను నిండినప్పుడల్లా సర్వరుకు ఎక్కించి, ఫోనులో తుడిచేసిందట.

"సార్, ఇంకొంచెం చోటు ఇయ్యండి సార్. మళ్ళా తీయాలంటే పూత లేదు, పిందె పడింది."

"డిస్కే నిండిపోతాంది తల్లీ, నీకొక్కదానికి ఎట్ల ఇయ్యమంటావు? సగం తీసేయ్."

వైరస్ భయంతో ల్యాబులో పెన్‌డ్రైవులు బంద్ చేసిందీ నేనే. ఆరో రోజు నా ముందే కూర్చుని, ఒక్కో ఫోటో తెరిచి చూసుకుంటూ రెండు వందలు తుడిచేసింది.

వారం తిరక్కుండానే డిస్కు మళ్ళీ నిండింది. కోటా రిపోర్టు తీసి చూస్తే పిల్లలెవరూ హద్దు దాటలేదు. అప్పుడు కన్ను మొదటి వరుస మీద పడింది. రిపోర్టులో పైన ఎప్పుడూ ఉండేది రూట్, అంటే నా లాగినే. మన వరుసే కదా అని ఏనాడూ చదవలేదు. లిమిట్ గడిలో సున్నా. కోటాలో సున్నా అంటే హద్దే లేదని అర్థం. వాడకం గడిలో 180 జీబీ. అన్నీ మూడేళ్ళ వార్షికోత్సవాల వీడియోలు, ఒక్కొక్కటి రెండేసి కాపీలు. ఎక్కించింది నేనే.

ఆ రాత్రే అన్నీ తీసేసి, తెల్లారి ఆ అమ్మాయికి పది జీబీలు ఇచ్చినాను.

తోటలో పూత మళ్ళీ వచ్చేది పుష్యమాసంలో. ఆ పిల్ల చదువు ఏప్రిల్‌తో అయిపోయింది.