ఇంటింటి సెన్సార్ బోర్డు

సినిమాలకు సర్టిఫికెట్లిచ్చే చట్టాన్ని కేంద్రం 2023లో సవరించింది. పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే పాత ‘యూఏ’ను మూడు ముక్కలు చేసి ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని గీతలు గీసింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ గీత దగ్గర పిల్లల్ని ఆపే అధికారం తల్లిదండ్రులకు తప్ప ఇంకెవరికీ లేదని కూడా రాసేసింది. అంటే గేటు దగ్గరి మనిషి కాదు, పోలీసు కాదు, కలెక్టరూ కాదు. నాన్నే అధికారి. టికెట్ కొనేదీ ఆయనే, మొదటి రోజు మొదటి ఆటకు తోసుకుంటూ లోపలికి పోయేదీ ఆయనే, పిల్లవాణ్ని భుజానెక్కించుకొని ఈల నేర్పేదీ ఆయనే. దొంగ చేతికి తాళాలిచ్చారు అందామంటే, దొంగకు కనీసం కాస్త భయముంటుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో ఈ బోర్డు చట్టం రాకముందు నుంచే నడుస్తోంది. నాన్న ఛైర్మన్, అమ్మ సభ్యురాలు. సినిమావాళ్ల అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌ను కేంద్రం 2021లో ఎత్తేసింది గానీ, మన ఇళ్లలో నాయనమ్మ ఇంకా కొలువులోనే ఉంది. “పోనియ్ బిడ్డా, పోరడు చూడనీ” అని ఆమె అన్నదంటే ఛైర్మన్‌గారి తీర్పు కొట్టేసినట్టే. ఈ బోర్డుకు రాసుకున్న నిబంధనలేవీ లేవు, ఆచరణ మాత్రం కచ్చితం. హీరో హీరోయిన్ వైపు రెండడుగులు వేశాడో లేదో, పొద్దుటి నుంచి కనిపించని రిమోట్ నాన్న చేతిలో ప్రత్యక్షమవుతుంది. అమ్మకు పొయ్యి మీది పాలు గుర్తొస్తాయి. పిల్లలకు మంచినీళ్లు తెమ్మని ఉత్తర్వు జారీ అవుతుంది. అదే హీరో కత్తి పట్టి పదిమంది మెడలు తెగ్గోస్తుంటే ఇంట్లో ఎవరికీ దాహం వేయదు. నోటి దగ్గరి ముద్ద కూడా ఆగదు. పైగా “చెయ్యెట్ల ఎగిరిపడ్డదో చూసినవారా?” అని పసివాడికి ప్రత్యేక వ్యాఖ్యానం.

2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో బస్సుకు అంటించిన ముద్దు పోస్టర్‌ను కాంగ్రెస్ పెద్దాయన వి. హనుమంతరావు స్వయంగా చింపేశారు. ఆ వయసులో ఆయన ఓపికకు దండం పెట్టాలి. నెత్తురు కారే కత్తితో నిలబడ్డ హీరో పోస్టర్‌ను చింపడానికి బస్సు మీదికి చెయ్యి చాచిన నాయకుణ్ని మాత్రం నేనింతవరకు చూడలేదు. ఆ పోస్టర్‌కు మనం పాలాభిషేకం చేస్తాం. పాలు పోసే పిల్లవాడికి చెయ్యి అందకపోతే నాన్న ఎత్తి పట్టుకుంటాడు.

ఇక వయసు సంగతి. ఆర్టీసీలో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. మహాలక్ష్మి పథకం వచ్చాక తల్లికీ లేదు. అందుకని సూర్యాపేట బస్టాండులో ఎక్కిన ఏడేళ్లవాడు కండక్టర్ వచ్చేసరికి నాలుగేళ్లకు కుంచించుకుపోయి అమ్మ ఒడిలో ముడుచుకుంటాడు. అదే వామనుడు సాయంత్రానికి సినిమాహాలు గేటు ముందు త్రివిక్రముడవుతాడు. “మావోడు పొట్టిగ కనవడ్తడు గని ఇంటర్ జదువుతుండు సార్!” ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకు పద్దెనిమిది నిండనివాళ్లను తండ్రి వెంట ఉన్నా రానివ్వకూడదు. ‘యానిమల్’, ‘సలార్’, ‘హిట్ 3’, ‘ఓజీ’ అన్నీ ఆ ముద్రతో వచ్చినవే. గేటు దగ్గర ఎవడైనా ఆ మాటంటే వాడే విలన్. పైసలు పెట్టి కొన్నాక పిల్లగాణ్ని ఆపడానికి నువ్వెవరని నిలదీసేవాళ్లలో రేపు బడికి పోయి పిల్లలకు నీతి బోధించాల్సిన సార్లు కూడా ఉంటారు.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్‌లో సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తర్వాత 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు, పొద్దున పదకొండుకు ముందూ రాత్రి పదకొండు తర్వాతా పదహారేళ్లలోపు పిల్లల్ని హాల్లోకి రానివ్వొద్దంది. మల్టీప్లెక్సులు మొరపెట్టుకుంటే మార్చిలో ఆంక్ష సడలింది. అర్ధరాత్రి పసివాడికి నిద్ర కావాలని చెప్పడానికి ఒక రాష్ట్రానికి హైకోర్టు అవసరమైంది, అదీ నిలవలేదు. కోదాడవాళ్లకు ఆపాటి చింత కూడా ఉండక్కర్లేదు. ఇక్కడ తెల్లవారుజాము ఆట ఆపేస్తే సరిహద్దు దాటగానే ఆంధ్రాలో జగ్గయ్యపేట ఉండనే ఉంది.

నిజానికి మన బోర్డు ముందుగా చూసేది సినిమాను కాదు, హీరోను. హీరో మనోడైతే నరుకుడు పౌరుషం, మందు బాధ మరిచే మందు, ఆడపిల్ల వెంటపడి వేధించడం అమరప్రేమ. అవతలివాళ్ల హీరో అదే పని చేస్తే “సమాజం ఎటు పోతోంది?” ఈ నాన్నలను మరీ తిట్టకూడదులెండి. 1999 సంక్రాంతికి కొత్తబట్టలేసి ‘సమరసింహారెడ్డి’కి తీసుకుపోతే కుర్చీ మీద నిలబడి చూసిన పిల్లలు వీళ్లే. రెండేళ్లకు మళ్లీ పండక్కే ‘నరసింహనాయుడు’. అరిసెల రుచీ సుమోలు గాల్లోకి లేచే చప్పుడూ వీళ్ల జ్ఞాపకాల్లో విడదీయరానంతగా కలిసిపోయాయి.

హాలు సంగతి సరే, ఫోనుకు తాళం ఉందిగా అంటారు. ఓటీటీలు పిల్లల తాళం పెట్టాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి, అవీ పెట్టాయి. ఆ పిన్ ఎట్లా పెట్టాలో నాన్నకు నేర్పింది ఆరో తరగతి కొడుకే.

మరి పిల్లలకేం చూపించాలయ్యా అని కోపంగా అడిగేవాళ్లకు ఒకటి చెప్తాను. ఒకప్పటి మన నల్లగొండ జిల్లాలోనే ఆలేరు వైపు చింతకింది మల్లేశం అనే చేనేత కుర్రాడు, చీర నేతకు దారం ఆసు పోసీ పోసీ అమ్మకు భుజం పడిపోతోందని ఏళ్ల తరబడి తంటాలు పడి ఆసు యంత్రం తయారుచేశాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయినవాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. అమ్మ నొప్పి చూడలేక కొడుకు యంత్రం కనిపెట్టే కథ కన్నా పిల్లలకు చూపించదగ్గది ఇంకేముంటుంది? ఆ మాటే అంటే మన ఛైర్మన్‌గారు వేసే మొదటి ప్రశ్న: “అందులో ఫైట్లెన్ని?”

ఇంతకూ పిల్లలు చెడిపోయేది సినిమాలతోనేనా? 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, పట్టపగలు, గర్భిణి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించుకొని బయటికొస్తున్న దళిత యువకుణ్ని కత్తితో నరికి చంపారు. కులం దాటిన పెళ్లి అతని నేరం. అమ్మాయి తండ్రే కిరాయి ఇచ్చి చేయించాడని కేసు. తీర్పు రాకముందే ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. వాళ్లు చిన్నప్పుడు ఏ సర్టిఫికెట్ సినిమాలు చూసి పెరిగారని ఎవరూ అడగలేదు. అది ఇళ్లలో పెద్దలు అన్నాలు తింటూ నేర్పే పాఠం, దానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు.

ఆ హత్య సీసీ కెమెరాకు చిక్కింది. టీవీలు దాన్ని తిప్పి తిప్పి వేశాయి. వార్తలకు సర్టిఫికెట్ ఉండదు కాబట్టి ఇంటిల్లిపాదీ, చంటిపిల్లలతో సహా, కూర్చొని చూశారు. “అల్లారుముద్దుగ పెంచుకున్న బిడ్డాయె, తండ్రికి కడుపు మండదా మరి?” అన్నాడు ఛైర్మన్. సభ్యురాలు తలూపింది. మధ్యలో ఏదో సబ్బు ప్రకటనలో ఒకమ్మాయి స్నానం చేస్తూ కనిపించింది. పిల్లలున్నారు కదా, ఛైర్మన్‌గారు చప్పున ఛానల్ మార్చేశారు.