పచ్చకన్ను

పాత రేడియోలంటే అందరికీ పాటలే గుర్తొస్తాయి. కానీ పాట నాది కాదు, స్టేషనుది. నాదంటూ ఉన్నది నా పచ్చకన్ను.

తెనాలిలో ఒక పెంకుటింటి వసారాలో, గోడకు కొట్టిన చెక్కబల్ల మీద ఉండేదాన్ని. నాకు ఆరు వాల్వులు. అయిదు లోపల చీకట్లో పనిచేసేవి. ఆరోది ముందువైపు గాజు వెనక పచ్చగా వెలిగేది. కొన్నవాళ్లు మ్యాజిక్ ఐ అనేవారు, మామ్మ మాత్రం పిల్లికన్ను అనేది. "అది చూస్తుందిరా, అటు కాళ్లు చాపకు" అని మనవణ్ణి కసిరేది.

ఆ మనవడే నా మనిషి. స్విచ్చి వేశాక ఫిలమెంట్లు వేడెక్కడానికి అరనిమిషం పట్టేది. ముందు చిన్నగా గుర్రుమనేదాన్ని, తర్వాత కన్ను తెరిచేదాన్ని. ఆ పిల్లవాడు రెప్ప వేయకుండా చూసేవాడు. ఏరియల్‌కు తగిలే తరంగం బలంగా ఉంటే పచ్చవెలుగు రెండుపక్కల నుంచీ వచ్చి కలుసుకునేది. బలం లేకపోతే మధ్యలో నల్లని చీలిక మిగిలేది. కంటికి కనపడని తరంగాన్ని నేనలా కొలిచి చూపించేదాన్ని. వాడికి అదే పిచ్చి పట్టింది.

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం మాకు దగ్గరే. అది పెడితే చీలిక పూర్తిగా మూసుకునేది. రేడియో సిలోను పెడితే మాత్రం మూసుకుంటూ, తెరుచుకుంటూ ఉండేది. పాట ఎందుకు దూరమై మళ్లీ దగ్గరవుతోందని వాడు బళ్లో సైన్సు మాస్టారిని అడిగాడు. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్‌కు తగిలి కిందికి వంగుతాయనీ, ఆ పొర నిలకడగా ఉండదనీ ఆయన చెప్పారట. అప్పటినుంచీ వాడు నా కన్నులో ఆకాశాన్ని చూడటం మొదలుపెట్టాడు.

1969 జూలై 20 రాత్రి ఇల్లంతా నిద్రపోయింది. వాడొక్కడే వాయిస్ ఆఫ్ అమెరికా పట్టుకుని కూర్చున్నాడు. ఇంగ్లీషు సగమే అర్థమవుతోంది. చంద్రుడి దగ్గరి నుంచి వచ్చిన మాట మొదట భూమిని చేరాలి, అక్కణ్ణుంచి స్టేషనుకెక్కాలి, పైపొరను తాకి తెనాలి పెంకుల కింద నా ఏరియల్‌కు అందాలి. చీలిక వెడల్పయినప్పుడల్లా వాడు నాబును వెంట్రుకవాసి తిప్పేవాడు. వెలుగు కలుసుకునేదాకా చెయ్యి తీసేవాడు కాదు. మన గడియారంలో ఒంటిగంటా నలభై ఏడు నిమిషాలకు ఈగిల్ నౌక చంద్రుడి మీద దిగింది. మామ్మను లేపి చెప్పాడు. ఆవిడ లేచి నాకేసి చూసింది.

తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. నేను అటకెక్కాను. కంటిలోని పూత అప్పటికే వాడి వాడి వెలిసిపోయింది.

కొన్నేళ్ల కిందట, రిటైరయ్యాక, వాడే నన్ను దించాడు. కారుతున్న కండెన్సర్లన్నీ మార్చాడు. నా పాత కంటికి సరిపోయే రష్యన్ వాల్వు ఎక్కడో సంపాదించి బిగించాడు. స్విచ్చి వేస్తే గరగర తప్ప ఏమీ లేదు. చీలిక తెరుచుకునే ఉంది. తప్పు నాలో లేదని, ఆ గరగర ఇంట్లోని కరెంటు సామానుదేనని వాడికి తెలుసు. ఇల్లంతా తిరిగి ఎల్ఈడీ బల్బులు ఆర్పాడు, ఫోన్ల ఛార్జర్లు ఒక్కొక్కటీ పీకాడు. "ఏం చేస్తున్నావు నాన్నా?" అని కూతురు వంటింట్లోంచి అడిగింది. "విజయవాడ కోసమమ్మా, ఆ మిక్సీ కూడా ఆపు" అన్నాడు.