ఎల్లారెడ్డి స్టూడియోలో కొత్త బాడీ గోల

ఆషాఢం వచ్చిందంటే ఎల్లారెడ్డి ఊళ్లో పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు రెండే పనులు. రావలసిన బాకీల కోసం ఫోన్లు చేయడం ఒకటి, కొత్త కెమెరా బాడీల గురించి యూట్యూబ్ వీడియోలు చూడడం రెండోది. బాకీవాళ్లు ఎలాగూ ఫోన్ ఎత్తరు కాబట్టి రెండో పనికి తీరిక బోలెడు.

మన స్టూడియో అన్న చేతిలో ఉన్నది కెనన్ 6డీ. 2012 నాటి మోడల్, 20.2 మెగాపిక్సెళ్లు. గ్రిప్ రబ్బరు ఊడితే ఫెవిక్విక్‌తో అంటించాడు. మనసు మాత్రం ఆర్6 మార్క్ 2 మీద పడింది. 24.2 మెగాపిక్సెళ్లు, మిర్రర్‌లెస్, పెళ్లికూతురి కన్ను ఎటు తిరిగితే ఫోకస్ అటు తిరుగుతుంది. ధర వింటే కొనేవాడి కళ్లూ తిరుగుతాయి: మార్కెట్లోకి వచ్చినప్పుడు బాడీ ఒక్కటే రెండు లక్షల పైమాట.

"కొత్తదాంట్ల ఫొటో ఎంత పెద్దగైతది?" అని ఇంట్లామె అడిగింది. అన్న కాగితం తీశాడు. ఆల్బమ్‌లో 12x18 పేజీకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 5,400x3,600 పిక్సెళ్లు కావాలి. పాత 6డీ ఇచ్చేది 5,472x3,648. కొలిచి కుట్టించినట్టే ఉంది! కొత్తది 6,000x4,000 ఇస్తుంది. పొడవులో పెరిగేది 528 చుక్కలు, అంటే రెండంగుళాల లోపే.

"రెండించులకు రెండు లక్షలా? గజం లెక్కన సూస్తే కామారెడ్డిల ప్లాటే అగ్గువ గదా!"

ఆడిటర్లు కూడా ఇంత సూటిగా మాట్లాడరు.

అన్న స్పీడు వైపు మళ్లాడు. కొత్త బాడీ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకు 40 ఫొటోలు తీస్తుంది. జీలకర్ర బెల్లం ఒక్క నిమిషం సాగినా, లెక్క ప్రకారం 2,400. పెళ్లికూతురు, అత్తగారు, ఆడపడుచు కలిసి కూర్చుని అందులో ఒకటి ఏరడమే ఏ కాపురానికైనా తొలి పరీక్ష. పైగా ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ వరుసల వారీగా చదువుతుంది. ఫంక్షన్ హాల్ ఎల్‌ఈడీ లైట్లు మన కంటికి తెలియకుండా మినుకుమంటుంటాయి. రెండూ కలిస్తే పట్టుచీర మీద నేతగాడు వేయని చారలు పడతాయి. అప్పుడు మెకానికల్ షట్టరే దిక్కు. దాని వేగం సెకనుకు 12, పెళ్లికి అదే ఎక్కువ.

పగటి పనికైతే పాతదానికి ఏ లోటూ లేదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట మీద ప్రీవెడ్డింగ్ తీసేటప్పుడు ఎండ ధారాళంగా ఉంటుంది, ఆ ఫొటో చివరికి వాట్సాప్‌లో చిక్కి సగమవుతుంది. అయినా కామారెడ్డి నుంచి వచ్చే పోటీవాళ్ల మెడలో మిర్రర్‌లెస్ వేలాడుతుంటే, పెళ్లికొడుకు బామ్మర్ది వచ్చి "అన్నా, మీది కూడా గదేనా?" అని అడుగుతాడు. కొత్త బాడీలు అమ్ముడుపోయేది సగం ఈ ప్రశ్న వల్లే.

మిగతా సగానికి మాత్రం గట్టి కారణముంది. 6డీలో ఫోకస్ పాయింట్లు 11, అన్నీ నడిమధ్యనే గుంపుగా ఉంటాయి. వాటిలో క్రాస్ టైప్ ఒక్కటే. అది వెన్నెలంత వెలుగులోనూ పని చేస్తుంది, కాదనలేం. కానీ బరాత్‌లో చిందేసే పెళ్లికొడుకు మధ్యలోనే నిలబడతానని ఒప్పుకోడు. అంతకన్నా భయపెట్టేది, 6డీలో కార్డు స్లాటు ఒక్కటే. ఆ కార్డు చెడిపోతే తలంబ్రాలు మళ్లీ పోయించలేరు. ఆర్6 మార్క్ 2లో స్లాట్లు రెండు, ఒకే ఫొటో రెండింట్లోనూ పడుతుంది. పాత లెన్సులూ అడాప్టర్‌తో దానికి ఎక్కుతాయి.

కాబట్టి కొనాల్సిందే, మెగాపిక్సెళ్ల కోసం కాదు, రెండో స్లాటు కోసం. ముందు ఒక ముహూర్తానికి కిరాయికి తెచ్చి చూడాలి. ఈఎంఐకి ఆషాఢం సెలవు ఉండదు గనుక సీజన్ అడ్వాన్సులు చేతికొచ్చాకే కొనాలి. 6డీని అమ్మొద్దు. వచ్చే డబ్బు ఎలాగూ అంతంతే, రెండో బాడీ లేకుండా పెళ్లికి పోవడం మాత్రం మహా ప్రమాదం.