వియ్యంకులు హాల్లో ఉన్నారు

మా బావకి అరవై నిండిన రోజున నేను పెట్టిన శుభాకాంక్షలు ఇవీ: "ఏటి బావా, అరవై నిండిపోనాయి. ఇంకెన్నాళ్లు భూమికి భారం? ఆ జీడితోట నా పేర్న రాసీసి ఎలిపో."

బావకి పంపాననుకున్నాను. పంపింది 'మనవాళ్లు' గ్రూపుకి. అందులో ఎనభై మూడు మంది ఉన్నాం. గంట తిరక్కుండా గుంటూరు నుంచి ఫోనొచ్చింది. బావ కూతురికి మొన్న మాఘంలోనే పెళ్లయింది. ఆ పిల్ల అత్తగారు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. జీడితోట మీద తగాదా ఏమన్నా నడుస్తోందాండీ? సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరూ చెప్పలేదే!"

తగాదా లేదని, అది మా పద్ధతిలో ప్రేమ అని చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ నమ్మినట్టే మాట్లాడారు. సాయంత్రానికి వాళ్లాయన నుంచి ఇంకో ఫోన్ వచ్చింది, తోట సర్వే నంబరు అడుగుతూ. బావ మాత్రం రాత్రి ఫోన్ చేసి నవ్వలేక చచ్చాడు. "చానాళ్లకి బావా అని పిలిచినట్టుందిరా" అన్నాడు. తోట ఊసు ఎత్తలేదు.

ఇదే మాట కొత్తవలసలో వాళ్లింటి అరుగు మీద నలభై ఏళ్లుగా అంటున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే ఇంటికి గోడలుంటాయి, మా అత్తయ్యకి చెవులుంటాయి. కొత్తవాళ్లెవరైనా గడప దాటి లోపలికొస్తే అత్తయ్య వంటింట్లోంచి ఓ గిన్నె గట్టిగా నేలకి కొట్టేది. ఠంగ్! 'వియ్యంకులు హాల్లో ఉన్నారు, నోళ్లు కట్టుకోండి' అని దానర్థం. ఆ చప్పుడుకి మేం లుంగీలు దించి, గొంతులు తగ్గించి, వానల గురించి మాట్లాడేవాళ్లం. వాట్సాప్‌లో ఇప్పుడు ఒక గ్రూపులోకి 1,024 మందిని తోయొచ్చు. గిన్నె కొట్టేవాళ్లు ఒక్కరూ లేరు.

నేనుండేది జగదల్‌పూర్, బస్తర్. 1960లలో కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలుదారి వేస్తుంటే ఆ పనికి మా తాతయ్య ఇటు వచ్చాడు. బైలదిలా కొండల ఇనుము ఆ పట్టాల మీద విశాఖ దిగి జపాన్ వెళ్లింది. తాతయ్య మాత్రం ఎదురుదారిలో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడా పట్టాలకి ఆ కొసన మా బావ, ఈ కొసన నేను. మధ్యలో యాభైకి పైగా సొరంగాలు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో హల్బీ. ఈ ఊళ్లో కాపురం పెట్టినవాడికి సోషల్ మీడియా మీద ఫిర్యాదు ఒకటి పుట్టి తీరుతుంది. నాకు నాలుగున్నాయి.

మొదటిది 'కజిన్' అనే మాట. బావ అంటే మా మేనమామ కొడుకు, మా అక్క మొగుడు. ఫేస్‌బుక్‌లో చుట్టరికం నింపమంటే నేను వెతుక్కుని వెతుక్కుని 'కజిన్' అని పెట్టాను. మా బాబాయి కొడుకునీ 'కజిన్' అనే పెట్టాను, ఇంకో మాట దొరక్క. ఒకడు అక్క మెళ్లో తాళి కట్టినవాడు, ఇంకొకడు అక్క చేత రాఖీ కట్టించుకునేవాడు. యంత్రం దృష్టిలో ఇద్దరూ ఒకటే! పక్కింటి ఉత్తరాది ఆవిడ అది చూసి రెండు రోజులు మా గుమ్మం తొక్కలేదు. మూడోరోజు వచ్చి, "మీ అక్కయ్య పెళ్లి నిజంగా మామయ్య కొడుకుతోనేనా?" అని గుసగుసగా అడిగింది.

అదే మా ఆఫీసులో గోండీ మాట్లాడే సహోద్యోగికి చెబితే తల కూడా ఎత్తలేదు. "ఓ, దూధ్ లౌటావా" అని ఫైలు చూసుకున్నాడు. పాలు తిరిగివ్వడం అన్నమాట. ఒకింటి నుంచి ఆడపిల్లని తెచ్చుకున్నాక, ఆ పిల్ల కడుపున పుట్టిన పిల్లని తిరిగి ఆ ఇంటికే ఇచ్చి పాలరుణం తీర్చుకుంటారు. మనం మేనరికం అంటాం. గోండీ మన తెలుగుకి తోబుట్టువు లాంటి భాష, ద్రావిడ కుటుంబం. వాళ్లకీ పెదనాన్న పిల్లలు తోబుట్టువులే, మేనత్త పిల్లలు వరసైనవాళ్లే. అడవి మధ్య కూర్చున్న మనిషికి సగం వాక్యంలో అర్థమైన సంగతి, అంత పెద్ద కంపెనీకి ఇన్నేళ్లయినా ఎక్కలేదు.

ఇది అమెరికాకి తెలియని సంగతేం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే లాయరు 1871లోనే చుట్టరికాల మీద లావుపాటి పుస్తకం అచ్చేశాడు. అక్కడి ఇరోకోయి ఆదివాసుల వరసలూ మన దక్షిణాది వరసలూ ఒక్క పోతగా ఉన్నాయని అందులో పట్టికలు గీసి మరీ చూపించాడు. ఆ అమెరికాలోనే 2004లో హార్వర్డ్ హాస్టల్ గదిలో ఫేస్‌బుక్ పుట్టింది. ఆ కుర్రాళ్లెవరూ లైబ్రరీ మొహం చూసినట్టు లేదు.

2011లో గూగుల్ ప్లస్ వాళ్లు కొంత తెలివి చూపించారు. 'సర్కిల్స్' అని పెట్టి, నీ మనుషుల్ని నువ్వే గుంపులుగా సర్దుకో అన్నారు. నేనూ ఓ ఆదివారం కూర్చున్నాను. చిన్నాన్న బామ్మర్ది ఏ వలయంలోకి వస్తాడు? నాకు అప్పిచ్చిన స్నేహితుడు, తీర్చేశాక ఏ వలయంలోకి మారతాడు? మధ్యాహ్నానికి తల తిరిగి పడుకున్నాను. మనిషి ఎదురుపడితే గొంతు దానంతటదే మారుతుంది. జాబితా రాసుకుని మార్చేవాణ్ణి నేను చూడలేదు. 2019లో ఆ దుకాణం కూడా మూసేశారు.

రెండో ఫిర్యాదు 'ఫ్రెండ్' అనే మాట మీద. ఫేస్‌బుక్‌లో ఐదువేలమంది దాకా ఫ్రెండ్స్ ఉండొచ్చట. మా నాన్నకి ఒక్కడే ఉండేవాడు. టోకపాల్ వైపు రైతు. ఇద్దరూ కుర్రతనంలో పూరీ జగన్నాథుడి మహాప్రసాదం చెరో ముద్ద తిని స్నేహం కట్టారు. ఛత్తీస్‌గఢ్‌లో ఇదో వ్యవస్థ. అలా కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఇద్దరూ ఒకరికొకరు 'మహాప్రసాద్'. అతని పిల్లలు నాకు తోబుట్టువులు, మా ఇంట్లో చావుకీ పెళ్లికీ వాళ్లు ఇంటివాళ్లు.

అక్క పెళ్లికి శుభలేఖలు రాస్తున్నప్పుడు కవరు మీద ఆయన పేరు కావాల్సి వచ్చింది. నాన్నని అడిగాం. "మహాప్రసాద్" అన్నాడు. అసలు పేరు చెప్పు నాన్నా అంటే మీసం దువ్వుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. నానమ్మ తాతయ్య పేరు చెప్పమంటే ఎంత సిగ్గుపడేదో అంత సిగ్గు. చివరికి ఓ కుర్రాణ్ణి సైకిల్ మీద పంపించి, ఆయన రేషన్ కార్డు చూసి రమ్మన్నాం. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో అన్నం తింటున్న మనిషి పేరు అప్పుడు తెలిసింది. అలాంటిది ఈ మధ్య నా ఫోను, ఆ మహాప్రసాద్ మనవడి ఫొటో చూపించి, 'ఇతను మీకు తెలిసి ఉండొచ్చు' అంది. తెలిసి ఉండొచ్చట!

జగదల్‌పూర్‌లో ఆషాఢమాసంలో గోంచా జరుగుతుంది. పూరీ రథయాత్రకి మా ఊరి రూపం. అప్పుడు మొలకెత్తిన పెసలు నైవేద్యం పెడతారు, గజామూంగ్ అంటారు. అవి ఇచ్చిపుచ్చుకుని కూడా స్నేహాలు కడతారు. ఇంకో వినోదం తుప్కీ. వెదురుగొట్టంలో పెంగు అనే చిన్న అడవికాయ కూరి వెనకనుంచి కర్రతో తోస్తే ఠప్పుమని పేలుతుంది. జగన్నాథుడికి అది గౌరవవందనం. జనానికి మాత్రం ఎవరి వీపు కనబడితే వాళ్లకి గురి. చురుక్కుమంటుంది, ఎవరికీ కోపం రాదు. ఫేస్‌బుక్‌లో 'పోక్' అనే మీట గుర్తుందా? ఎవరినైనా వేలితో పొడవడం. అది ఎందుకో, పొడిపించుకున్నవాడు ఏం చేయాలో ఎవడికీ తెలిసేది కాదు. తుప్కీకి రోజుంది, వీధుంది, దేవుడు సాక్షి ఉన్నాడు. మర్నాడు అదే కాయ అదే వీపుకి కొట్టి చూడండి, పోలీస్ స్టేషన్ కనబడుతుంది.

మూడోది నీలం టిక్కులు. చూశాడా, చూసి మాట్లాడలేదా, ఎప్పుడొచ్చి వెళ్లాడు అని ఫోన్‌లో తొంగి చూసే జబ్బు. దీనికి ఆద్యుడు మనవాడే అని నా అనుమానం. 1323లో ఓరుగల్లు పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ వచ్చి రాజ్యం పెట్టాడని ఇక్కడ చెబుతారు. వెంట దంతేశ్వరీదేవి నడిచిందట. వెనక్కి చూడకుండా ఎంతదూరం నడిస్తే అంతా నీ రాజ్యం, నా అందెల చప్పుడు వింటూ పో అందట. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసకలో కాళ్లు దిగబడి అందెలు మోగలేదు. రాజు ఆగలేక వెనక్కి తిరిగాడు. అమ్మవారు అక్కడే ఆగిపోయింది. దంతేవాడ గుడి అదే. కాసేపు చప్పుడు లేకపోతే లాస్ట్ సీన్ చూసుకునే బుద్ధికి రాజ్యం ఎల్లలే మారిపోయాయి, మనమెంత!

నాలుగోది సొంత గాయం. బస్తర్ సంతకి వెళ్తే ఓ మూల కోడిపందెం ఉంటుంది. ఉప్పు, చింతపండు, ఎర్రచీమల చట్నీ ఎంత మామూలో అదీ అంత మామూలు. ఓసారి ఆ ఫొటో పెట్టాను. ఏ యాప్‌లోనో చెప్పను. 'మీరు సమాజ నియమాలు ఉల్లంఘించారు' అని మూడు రోజులు నా నోరు కట్టేశారు. ఏ సమాజం? నేనున్న సమాజంలో ఆ కోడి యజమానితో జనం చెయ్యి కలుపుతున్నారు. పోనీ తప్పే అనుకుందాం, చెప్పుకోవడానికి మనిషేడీ?

మా కేశ్‌కాల్‌లో దేవుళ్లకి ఇంతకంటే న్యాయం దొరుకుతుంది. అక్కడ భంగారామ్ దేవి గుడిలో ఏటా భాద్రపదంలో జాతర జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లని మోసుకొస్తారు. వాన కురిపించని దేవుడి మీద, రోగం ఆపని దేవత మీద జనం ఫిర్యాదు చేస్తారు. విచారణ జరుగుతుంది. తప్పు రుజువైతే దేవుడికి శిక్ష, గుడి నుంచి వెలి. బుద్ధి మార్చుకుంటే మళ్లీ లోపలికి తీసుకుంటారు. దేవుడంతటివాణ్ణి కూడా ఎవరు, ఎందుకు అన్నారో ముఖాన చెప్పి, పదిమందిలో మాట్లాడుకుని బ్లాక్ చేస్తారు.

ఇవన్నీ ఏకరువు పెడుతుంటే మా అబ్బాయి, "అయితే నువ్వే ఓ యాప్ తయారుచెయ్యి నాన్నా" అన్నాడు. అవసరం లేదు, మావాళ్లు ఒకటి చేశారు. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధరి 2010లో సీజీనెట్ స్వర అని మొదలుపెట్టారు. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోనొస్తుంది. మీ ఊరి సంగతి గోండీలోనో, మీకొచ్చిన భాషలోనో చెప్పొచ్చు, పక్క ఊరివాళ్లది వినొచ్చు. అక్షరం రానక్కర్లేదు. నెట్ లేని ఊళ్ల కోసం తర్వాత 'బుల్టూ రేడియో' వచ్చింది. బుల్టూ అంటే మరేం లేదు, బ్లూటూత్. పల్లెల్లో దాన్నలాగే అంటారు.

సంతలో చూశాను ఓసారి. చింతచెట్టు కింద ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డారు. పాట ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి పాకుతోంది. అది అయ్యేదాకా ఇద్దరూ కదలడానికి లేదు, పది అడుగులు పోతే తెగిపోతుంది. ఈలోగా ఒకడు రెండోవాడి చెల్లెలికి జ్వరం తగ్గిందా అని అడిగాడు, దున్న ఎంతకి పోయిందో అడిగాడు, ఆకుదొన్నెలో సల్ఫీ కల్లు ఇప్పించాడు. పాట ఎక్కింది. ఇద్దరూ అది వినకుండానే వెళ్లిపోయారు.

గుంటూరు వియ్యంకులకి ఇంకా అనుమానం తీరలేదు. బావ కొత్త గ్రూపు ఒకటి పెట్టాడు, అందులో మేమిద్దరమే. ఈ ఆషాఢంలో రైలెక్కి గోంచాకి వస్తానన్నాడు. రెండు తుప్కీలు, శేరు పెంగుకాయలు కొని ఉంచాను.