ఇంటర్నేషనల్ మాస్టారు

కాప్రా చెరువు పక్కన పొద్దున్నే నడిచేవాళ్లలో ఒకాయన ఉన్నట్టుండి ఆగి, గుర్రపుడెక్క వైపు తిరిగి, "రెస్పెక్టెడ్ చైర్‌పర్సన్, డియర్ డెలిగేట్స్" అని మొదలుపెడితే కంగారు పడక్కర్లేదు. ఆయన ఇంటర్నేషనల్ మాస్టారు. వచ్చే వారం ఎక్కడో పత్రసమర్పణ ఉంది.

తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ కాలనీలో ఎవరికీ గుర్తులేదు. వృత్తి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పడం. ప్రవృత్తి ప్రపంచ విద్య గురించి పేపర్లు చదవడం. ఆయన పుట్టిన సంవత్సరం ఏదైనా, ఇంటర్నేషనల్ మాస్టారుగా పుట్టింది మాత్రం 2010లో. ఆ ఏడాది యూజీసీ ప్రమోషన్ల కోసం ఏపీఐ పాయింట్లు తెచ్చింది. అంతర్జాతీయ సదస్సులో పత్రం చదివితే 10, జాతీయ సదస్సులో 7.5, రాష్ట్రస్థాయిలో 5, కాలేజీ స్థాయిలో 3. అంతకుముందు మాస్టార్లు భోజనం బాగుంటుందంటేనే సెమినార్లకు వెళ్లేవారు. ఆ తర్వాత భోజనం బాగాలేకపోయినా వెళ్లక తప్పలేదు. బ్యానర్ మీద 'నేషనల్'కి ముందు 'ఇంటర్' అన్న ముక్క తగిలిస్తే రెండున్నర పాయింట్లు లాభం. మన దగ్గర ఇంటర్‌కి ఇంత గిరాకీ కార్పొరేట్ కాలేజీల వల్ల కూడా రాలేదు.

ఆ ముక్క తగిలించడం పెద్ద పనేం కాదు. నేపాల్ నుంచి ఒక ప్రొఫెసరుగారు వచ్చినా, మలేషియా నుంచి ఒకాయన జూమ్‌లో పెదాలు కదిపినా చాలు. "సర్, యు ఆర్ ఆన్ మ్యూట్" అని ఇక్కడి నుంచి పదిమంది అరిచేలోపు కీనోట్ ప్రసంగం అయిపోతుంది.

మాస్టారు అప్పుడు రాసిన పేపరు ఒకటుంది: 'గ్లోబల్ ఎడ్యుకేషన్: సమస్యలు, సవాళ్లు, అవకాశాలు'. మొదట చదివినప్పుడు పేరు కింద రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉండేది. 2014లో రాష్ట్రం మారింది. 2016లో జిల్లా మేడ్చల్ అయింది. పేపరు మాత్రం మారలేదు. శీర్షికకు ముందు 'కోవిడ్ అనంతర కాలంలో' అని ఒకసారి, 'నూతన జాతీయ విద్యావిధానం 2020 వెలుగులో' అని ఇంకోసారి, ఈమధ్య 'కృత్రిమ మేధ యుగంలో' అని తగిలించారు. పాత కారుకి కొత్త సీట్ కవర్లు వేసినట్టు.

సభలో ఆయన్ని చూడాలంటే మధ్యాహ్నం మూడింటికి వెళ్లాలి. పొద్దున జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మొమెంటోలు అయ్యేసరికి పన్నెండున్నర. బిర్యానీ, డబుల్ కా మీఠా అయ్యేసరికి రెండున్నర. అప్పుడు ఐదు గదుల్లో ఐదు టెక్నికల్ సెషన్లు. మాస్టారి గదిలో ఏడుగురు ఉంటారు. అందులో ఐదుగురు తమ వంతు కోసం కాచుకున్నవాళ్లు, ఒకరు చైర్‌పర్సన్, ఒకరు మైకు అబ్బాయి. పద్దెనిమిది స్లైడ్లకు ఐదు నిమిషాలు టైము. "టైం కాన్‌స్ట్రెయింట్ వల్ల నేరుగా ముగింపుకి వెళ్తున్నాను" అని మాస్టారు పదహారు స్లైడ్లు దాటేస్తారు. ఆ పదహారింటినీ ఇన్నేళ్లలో చూసినవాళ్లు లేరు. చదవడం అయ్యాక చప్పట్లు కొట్టేది మైకు అబ్బాయి ఒక్కడే. పార్టిసిపెంట్లకి చేతులు ఖాళీ లేవు, సర్టిఫికెట్లలో తమ పేరు స్పెల్లింగ్ చూసుకుంటుంటారు.

ఆ సర్టిఫికెట్ మర్నాడు ఈసీఐఎల్ చౌరస్తాలో జిరాక్స్ షాపుకి చేరుతుంది. "సార్, ఇది గూడ ల్యామినేషనేనా? పోయిన నెల చేస్నం గదా," అంటాడు కుర్రాడు. "అది వేరే ప్రపంచం, ఇది వేరే ప్రపంచం" అంటారు మాస్టారు.

2018లో యూజీసీ లెక్క మార్చింది. విదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకి 7, మన దేశంలో జరిగేదానికి 5, జాతీయానికి 3. పైగా ఈ ప్రసంగాలూ పత్రాలూ అన్నీ కలిపినా మొత్తం పరిశోధన స్కోరులో 30 శాతం దాటకూడదని మెలిక పెట్టింది. ప్రచురించిన వ్యాసం ఇద్దరు కలిసి రాస్తే చెరొకరికీ 70 శాతం మార్కులు. పక్కింటి పెద్దాయన ఈసీఐఎల్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఓటింగ్ యంత్రాలు చేసే సంస్థలో పనిచేసినవాడు, ఒక మనిషికి ఒకే ఓటు పడాలన్న లెక్కలో బతికినవాడు. 70కి 70 కలిపితే 140 అవుతుందని ఆయన మూడు రోజులు గేటు దగ్గర వాదించారు. "అందుకేనండీ కో-ఆథర్ ఉండాలనేది" అన్నారు మాస్టారు నింపాదిగా.

మెయిల్ పెట్టె తెరిస్తే చాలు, "గ్రీటింగ్స్ ఆఫ్ ది డే! డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని ఆహ్వానాలు. ఒకసారి గుండెజబ్బుల సదస్సు నుంచి వచ్చింది. 'విద్యార్థుల హృదయస్పందన' అని పేరు పెడితే సరిపోతుందా అని ఒక రాత్రంతా ఆలోచించారాయన. ఇలాంటి సదస్సుల వ్యాపారంలో మన ఊరికి అంతర్జాతీయ ఖ్యాతే ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పెరిగిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు పెట్టింది. వస్తామని ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు కూడా సదస్సుల ప్రకటనల్లో వేసుకుందన్నది ఆరోపణల్లో ఒకటి. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. మాస్టారి పేరు మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగకుండా వేసుకోలేదు. ఆ లోటు ఆయనకు లోపల ఉంది.

ఇన్ని తెలిసి కూడా ఆయన బ్యాంకాక్ వెళ్లారు. సొంత ఖర్చుతోనే. శ్రీమతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆవిడ తరగతిలో సగం మంది ఒడిశా, బిహార్ నుంచి భవన నిర్మాణాలకు వచ్చిన కూలీల పిల్లలు. వాళ్లకి 'అ' నేర్పడానికి తను రెండు భాషల్లో 'నీళ్లు', 'అన్నం' నేర్చుకున్న మనిషి. టికెట్టు, హోటలు, రిజిస్ట్రేషన్ కూడి 62 వేలని తేల్చారు.

"ఇక్కడ చదివితే 5, అక్కడ చదివితే 7. అంటే రెండు పాయింట్లకి 62 వేలా అండీ?"

"పాయింట్ల కోసమా నేను వెళ్లేది? ఎక్స్‌పోజర్!"

"పాయింటు 31 వేలు. గ్రాము బంగారం కన్నా ప్రియం," అని ఆవిడ హోంవర్కు పుస్తకాలు దగ్గరికి లాక్కున్నారు.

బ్యాంకాక్‌లో సదస్సు ఒక పూటలో ముగిసింది. రెండో రోజు కార్యక్రమంలో 'అకడమిక్ విజిట్' అని ఉంది. బస్సెక్కించి పటాయా తీసుకెళ్లారు. పగడాల దీవి, కొబ్బరి నీళ్లు, సాయంత్రం ఏదో బీచి. గైడు ఆ బీచి పేరు థాయ్ యాసలో చెప్పాడు, మాస్టారి చెవికి ఎక్కలేదు. డెలిగేట్ బ్యాడ్జి మెడలో వేసుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఫొటో దిగారు.

మొన్న ఆదివారం కొత్త సదస్సుకి పేపరు సిద్ధమవుతుంటే, అచ్చుతప్పులు చూడమని శ్రీమతికి ఇచ్చారు. రెండో పేజీ మొదట్లోనే ఉంది: 1990 మార్చిలో థాయ్‌లాండ్‌లోని జోంటియన్‌లో 155 దేశాలు కూడి 'అందరికీ విద్య' ప్రకటన చేశాయి. ఆ తర్వాత 2000లో డాకర్, 2015లో ఇంచియాన్.

"ఈ జోంటియన్ ఎక్కడండీ?"

"థాయ్‌లాండ్‌లో ఎక్కడో. గ్లోబల్ ఎడ్యుకేషన్‌కి అది కాశీ లాంటిదే."

"మీరు వెళ్లొచ్చిందీ థాయ్‌లాండే కదా. చూడలేదా?"

"మా టూర్‌లో అది లేదే," అన్నారు మాస్టారు నిట్టూర్చి, సర్టిఫికెట్‌తో పాటు ఆ బీచి ఫొటో కూడా కవర్లో పెట్టుకుని ల్యామినేషన్‌కి బయల్దేరారు. ఫొటోలో ఆయన భుజం వెనక బోర్డు మీద, ఇంగ్లీషు అక్షరాల్లో, 'జోంటియన్ బీచ్' అని ఉంది.